పెట్టె బరువు

నిన్నటి చెత్త తుడవడంతో బుల్లి ఉద్యోగం మొదలవుతుంది. ఆఫీసులో సగం దీపాలు వెలగకముందే వచ్చి, సంచీ కుర్చీకి తగిలించి, కళ్ళజోడు రుమాలుతో తుడుచుకుని, పెద్ద కంప్యూటర్లో ముందురోజు పోగుపడిన పాత ఫైళ్ళను ఒక్కొక్కటే చూసి తీసేస్తుంది. ఏది అక్కర్లేనిదో, ఏది రేపొద్దున ఎవరో పరిగెత్తుకొచ్చి అడగబోయేదో ఆమెకు చూడగానే తెలిసిపోతుంది. వెనకాల అందరూ ఆమెను చీపురు మేడమ్ అంటారు. కొత్తగా చేరినవాడొకడు పొరపాటున ముఖం మీదే అనేసి నాలిక కరుచుకుంటే, "ఏం, మంచి పేరేగా. చేసే పనే చెప్తోంది" అని మళ్ళీ స్క్రీను వైపు తిరిగిపోయింది.

బుల్లి అన్నది ఇంట్లో పేరు. నలభై ఆరేళ్ళ మనిషి. పాతకాలం గుమ్మాలకు తల తగిలేంత పొడుగు. ఏళ్ళ తరబడి స్క్రీన్ల ముందు వంగి కూర్చోవడం వల్ల మెడ కాస్త ముందుకొచ్చి, ఎప్పుడూ ఎవరి మాటో సరిగ్గా వినపడక చెవి ఒగ్గుతున్నట్టు కనిపిస్తుంది. ఆ పేరు పెట్టిన అక్క ఆమె భుజం దాకా వస్తుందేమో. "పెట్టినప్పుడు బుల్లిగానే ఉండేది, తర్వాత నేను చూసుకోలేదు" అని అక్క అందరికీ సంజాయిషీ చెప్పుకుంటూ ఉంటుంది.

ఈరోజు సాయంత్రం ఆరు గంటల బస్సుకి అక్క వెళ్ళిపోతోంది.

ఆ సంగతి బుల్లి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సెలవు అడగలేదు. పొద్దున బయల్దేరుతుంటే అక్క రెండు మంచాల మధ్య నేల మీద చతికిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. తలెత్తకుండానే, "వెళ్తున్నావా?" అంది.

"పనుంది కదా."

"సరే. బస్సు ఆరింటికి."

"తెలుసు."

ఇంట్లో ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వచ్చేసింది. ఆఫీసులో చేతులకు ఎప్పుడూ చోటుంటుంది.

బుల్లి పనిచేసే ఆఫీసులో అంబులెన్సుల కోసం ఒక ప్రోగ్రాం తయారుచేస్తారు. డ్రైవరు పక్కన బిగించిన చిన్న కంప్యూటర్లో అది దారి చూపిస్తుంది; ఏ ఆస్పత్రిలో మంచం ఖాళీ ఉందో చెబుతుంది. ఆ ప్రోగ్రాంని, అది నడవడానికి కావలసిన సరంజామా అంతటితో కలిపి ఒకచోట సర్ది పంపించేదాన్ని కంటైనర్ ఇమేజ్ అంటారు. బుల్లి మాత్రం పెట్టె అంటుంది. ఇక్కడ సర్దిన పెట్టె అక్కడ విప్పితే, ఇక్కడెలా పనిచేసిందో అక్కడా అలాగే పనిచెయ్యాలి. ఆ సర్దడమే ఆమె ఉద్యోగం. సరిగ్గా సర్దినంతకాలం అలాంటి ఉద్యోగం ఒకటుందని కూడా ఎవరికీ గుర్తుండదు.

కిందటి వారం కొత్త మ్యాపులు వచ్చిన దగ్గర్నుంచి పెట్టె బాగా బరువెక్కింది. సిగ్నల్ సరిగ్గా అందని వీధుల్లో బండి కంప్యూటర్లోకి సగం దిగి ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ మళ్ళీ మొదటికొస్తోంది. దిగుతున్నంతసేపూ డ్రైవరు ముందు స్క్రీను నల్లగా ఉండిపోతోంది.

ఆఫీసు ఇంకా నిండకముందే ఫోను మోగింది. అంబులెన్సు డ్రైవరు ఒకాయన. వారంగా రోజూ చేస్తున్నాడు. మనిషిని ఎప్పుడూ చూడకపోయినా గొంతు బాగా తెలిసిపోయింది.

"మేడమ్, పెట్టె గిట్టె నాకు తెలీదు. నిన్న ఒక పెద్దాయన్ని ఎక్కించుకుని వెళ్తుంటే మధ్యదారిలో స్క్రీను చీకటైపోయింది. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నేను నెట్టుకొచ్చాను. నా పక్క బండివాడు కొత్తవాడు. వాడికి ఇలా జరిగితే ఎవర్ని అడగాలి చెప్పండి?"

"ఆ పెద్దాయన ఎలా ఉన్నారు?"

"బానే ఉన్నాడు మేడమ్. టీ ఇవ్వలేదని నర్సు మీద కోప్పడుతున్నాడట."

"సాయంత్రం మీరు డ్యూటీ దిగేలోపు చేస్తాను."

"నిన్న కూడా అలాగే అన్నారు" అన్నాడు అతను. కోపంగా అనలేదు. అందుకే బుల్లికి ఎక్కువ గుచ్చుకుంది.

మేనేజరు చిన్నవాడు. కంగారు పడితే పెన్ను మూత కొరుకుతాడు. బుల్లి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని అప్పటికే కొరుకుతున్నాడు. "బరువంతా కిందటి వారం వచ్చిన ఆ ముడి మ్యాపుల కట్టదే కదా మేడమ్. మన మ్యాపులు తయారవగానే దాన్ని చెరిపెయ్యమని చివర్లో లైను పెట్టాను. చెరిగిందనే చూపిస్తోంది మరి."

నిజమే. చెరిగిందనే ఉంది. బుల్లి పెట్టె విప్పి లోపల వెతికింది. కట్ట ఎక్కడా లేదు. పెట్టె బరువు చూసింది. ఇసుమంతైనా తగ్గలేదు. ఫైలు లేదు, బరువుంది. ఏదైనా పాత ముక్క అంటుకుని వస్తోందేమోనని, కంప్యూటరు దాచుకున్నవన్నీ తీసేసి మొదటి మెట్టు నుంచి కొత్తగా కట్టమని పురమాయించింది. మ్యాపులు తయారవడానికి చాలాసేపు పడుతుంది. ఒకసారి మొదలుపెడితే గంట దాకా చేసేదేమీ ఉండదు. స్క్రీను మీద వరసలు మెల్లగా పైకి జరుగుతుంటే చూస్తూ కూర్చోవడమే.

చూస్తూ కూర్చుంది. ఇప్పుడు అక్క వంటగిదిలో ఉండి ఉంటుంది అనుకుంది.

అమ్మ, తర్వాత ఏడాది తిరక్కుండా నాన్న పోయేటప్పటికి బుల్లి ఇంకా రెండు జడలు వేసుకుని బడికి వెళ్తోంది. అక్కకి అప్పుడే ఆస్పత్రిలో కుట్టుపని దొరికింది. చిరిగిన దుప్పట్లకు మాట్లు వెయ్యడం, కొత్త గుడ్డకు అంచులు కుట్టడం. ఇన్నేళ్ళూ అదే పని. ఆస్పత్రి వెనకవైపు, ఉతికిన బట్టల ఆవిరితో ఎప్పుడూ గోడలు చెమ్మగిల్లే గదిలో, కిటికీ పక్కన మిషను. బయట వార్డుల్లో జబ్బుపడ్డవాళ్ళు ఎంతమంది తన అంచుల మీద పడుకుని లేచారో అక్క ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఎప్పుడైనా బంధువుల్ని చూడటానికి ఆ ఆస్పత్రికి వెళ్తే మాత్రం, పరామర్శ సగంలో ఉండగానే దుప్పటి కొస తిరగేసి చూసేది. "ఇది నాది కాదు" అనేది చిన్నగా.

చదివించింది. పెద్ద చదువు చదువుతానంటే చదువుకోమంది. చదువయ్యాక మరో చోట మంచి ఉద్యోగం వచ్చింది. బుల్లి వెళ్ళలేదు. రాలేదని అక్కకి చెప్పింది. రోజూ సాయంత్రం ఇద్దరూ ఒకే వంటగిదిలో, ఒకరు తరిగితే ఒకరు వండుతూ, ఆ రోజు ఎవరు ఎవర్ని ఏమన్నారో చెప్పుకుంటూ ఇంతదూరం వచ్చేశారు. పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఎత్తి ఎత్తి మానుకున్నారు.

నెలకోసారి ఆస్పత్రిలో కంటి పరీక్షలు జరిగేటప్పుడు వేరే ఊరి నుంచి కళ్ళజోళ్ళు తీసుకొచ్చే ఆయన ఒకడుండేవాడు. బట్టతల, గట్టిగా మాట్లాడలేని గొంతు, జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు. అక్క కళ్ళజోడు ఏళ్ళ తరబడి ఆయనే బిగిస్తూ వచ్చాడు. కిందటి నెల ఒక సాయంత్రం అక్క కంచంలో అన్నం కెలుకుతూ, "నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానే" అంది. యాభై రెండేళ్ళ మనిషి ముఖం ఎర్రగా కందిపోయింది.

"మంచిదేగా" అంది బుల్లి. "ఎప్పుడు?"

అంతకు మించి ఒక్క మాట అనలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం తనే పెట్టింది. పెట్టెలు తనే కొనుక్కొచ్చింది. అడిగినవన్నీ చేసింది. ఆయన్ని మాత్రం పిలవాల్సిన వరసతో పిలవలేదు. ఆయనతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు పిలుపు లేకుండానే మొదలుపెట్టేది. ఆయన ఆమెను బుల్లిగారూ అనేవాడు. ఆ పేరుకి గారు తగిలిస్తే ఎలా ఉంటుందో విని అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

పెట్టె కట్టడం పూర్తయింది. బరువు అంతే ఉంది.

మామూలు రోజులైతే బుల్లి ఇది ఎప్పుడో పట్టేసి ఉండేది. ఇప్పుడు మెట్టు మెట్టుకీ ఎంత బరువు చేరిందో విడివిడిగా చూపించమని అడిగి, ఆ వరసల్ని పై నుంచి కిందకి ఒకసారి చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒకే మెట్టుగా ఉన్నదాన్ని మీరు విడగొట్టారా?"

మేనేజరు పెన్ను మూత నోట్లోంచి తీశాడు. "మెట్లన్నీ ఒకేచోట ఇరికించినట్టున్నాయని, చదవడానికి వీలుగా ఉంటుందని..."

"పెట్టెలో ఒక్కో మెట్టూ ఒక పొర. ఒక పొర మూసేశాక దాన్ని ఇంక ఎవరూ కదిలించలేరు. మీరు కట్టని ఒక పొరలో పెట్టారు. దాని మీద ఇంకో పొరలో మ్యాపులు చేశారు. ఆ పైన ఇంకో పొరలో చెరపమన్నారు. పై పొర ఏం చెయ్యగలదు? అది లేదనుకోండి అని కప్పేస్తుంది, అంతే. కనిపించదు. బరువు మాత్రం కిందే ఉంటుంది."

"అయ్యో" అన్నాడు మేనేజరు. "నేనేనా మరి..."

"చదవడానికి బాగుంది లెండి" అంది బుల్లి. అతను నవ్వాలో లేదో తెలియక చూశాడు.

దారి ఆమెకు తెలుసు. పనంతా ఒక పెట్టెలో కానివ్వాలి. కట్ట, పనిముట్లు, చెత్తాచెదారం అన్నీ అందులోనే ఉండనివ్వాలి. తయారైన మ్యాపుల్నీ ప్రోగ్రాంనీ మాత్రం ఏరి రెండో పెట్టెలోకి తీసుకుని, మొదటి పెట్టెను ఇక్కడే వదిలెయ్యాలి. బళ్ళకు వెళ్ళేది రెండోదే. అలా మార్చి రాస్తుండగా ఫోను మోగింది.

"బుల్లీ, ఆ పెద్ద గిన్నె నేను తీసుకెళ్ళనా? నీ ఒక్కదానికి అంత అవసరం ఉండదు."

"తీసుకెళ్ళు."

"వద్దులే. ఎవరైనా వస్తే నీకు ఉండాలి కదా."

"అయితే ఉంచు."

"ఏమే, ఏదో ఒకటి చెప్పవే."

అవతల ఏదో మూత తీసి పెట్టిన చప్పుడు. కాసేపటికి అక్కే, "భోంచేశావా? ఏం చేస్తున్నావ్?" అంది.

"ఒక ఫైలు చెరిపినా పోవట్లేదు."

"పోకపోతే ఉండనీ, ఎవరికి అడ్డం?"

"అంబులెన్సుకి అడ్డం."

"అమ్మో, అయితే తీసెయ్" అంది అక్క. "తీసేసే రా. నా కోసమని మధ్యలో వదిలేసి రాకు." మళ్ళీ ఆగి, "వస్తావుగా?" అంది.

"వస్తానక్కా."

ఫోను పెట్టేసరికి మేనేజరు అక్కడే ఉన్నాడు. "ఎక్కడికి మేడమ్?" అన్నాడు. దాచిపెట్టాల్సిన విషయం కాదు కాబట్టి బుల్లి చెప్పింది. అక్క పెళ్ళి చేసుకుందని, ఆరింటి బస్సుకి వేరే ఊరు వెళ్ళిపోతోందని. బయటకి చెబుతుంటే అదేదో ఇంకెవరింట్లో సంగతిలా చాలా మామూలుగా వినపడింది. అతను గడియారం వంక చూశాడు. వెళ్ళి ఆమెకు టీ తెచ్చిపెట్టాడు.

కొత్త పెట్టె కట్టడం ముగిసింది. తేలికైపోయింది. పాతదాంట్లో పదో వంతు కూడా లేదు. పక్క సీట్లవాళ్ళు కూడా వచ్చి చూశారు. బుల్లి మాత్రం కుర్చీలోంచి లేవకుండా, ఆఫీసులో పరీక్షల కోసం ఉంచిన అంబులెన్సు కంప్యూటర్లోకి దాన్ని దించి తెరిచింది. మ్యాపు వచ్చింది. రోడ్లొచ్చాయి, వంతెనలొచ్చాయి, ఆస్పత్రి గుర్తులొచ్చాయి. వీధుల పేర్లు ఉండాల్సినచోట మాత్రం వరసగా ఖాళీ గళ్ళు.

మేనేజరు మొహం వాడిపోయింది. "ఇదేంటి మేడమ్?"

బుల్లి ఆ గళ్ళ వంక చూసింది. ఏదో తీసుకురావడం మర్చిపోయింది. పనికొచ్చేదేదో మొదటి పెట్టెలో వదిలేసి వచ్చింది. బడికెళ్ళేటప్పుడు అక్క గుమ్మం దాకా వచ్చి, పెన్సిలు, రబ్బరు, రుమాలు అని పేరుపేరునా అడిగేది. ఇప్పుడు తనలో తనే ఒక్కొక్కటే అడుగుతూ వెళ్ళింది. ప్రోగ్రాం తెచ్చాను. మ్యాపులు తెచ్చాను. గుర్తుల బొమ్మలు తెచ్చాను. అక్షరాలు?

అక్షరాల ఫైళ్ళు తేలేదు. పేర్లున్నాయి, వాటిని రాయడానికి అక్షరాలు లేవు. ఒకే ఒక్క వరస చేర్చాలి. ఈసారి మ్యాపులు మళ్ళీ తయారు చెయ్యక్కర్లేదు కాబట్టి టీ చల్లారేలోపే అయిపోయింది. దించి తెరిచింది. వీధులు తమ పేర్లతో వచ్చి నిలబడ్డాయి. తమ ఇల్లున్న వీధి దగ్గరికి జరిపి, దాని పేరు కూడా చూసుకుంది.

"బళ్ళకి పంపడం నేను చూసుకుంటాను. మీరు బయల్దేరండి" అన్నాడు మేనేజరు.

"ముందు ఒక్క బండికి పంపండి. అది సరిగ్గా తెరుచుకుంటేనే మిగతావాటికి."

"అలాగే."

"పాత పెట్టె అప్పుడే తీసెయ్యకండి. ఇదేమైనా తేడా చేస్తే—"

"మేడమ్," అన్నాడతను, ఆమె సంచీ కుర్చీ మీంచి తీసి చేతికిస్తూ. "బస్సు."

బస్టాండులో జనం మామూలుగానే ఉన్నారు. అక్క కనబడలేదు. ఆయన మాత్రం రెండు పెట్టెలకీ ఒక మూటకీ కాపలాగా, వాటి మధ్య కాళ్ళు ఇరికించుకుని నిలబడి ఉన్నాడు. బుల్లిని చూసి ముఖం వెలిగింది.

"వచ్చారా బుల్లిగారూ. మీ అక్క నీళ్ళ సీసాకి వెళ్ళింది. నిజానికి ఇది మూడోసారి వెళ్ళడం. మీరొచ్చే దారి అటువైపు కదా."

బుల్లి మూటకి కట్టిన తాడు సరిచేసింది. ఆయన జేబులో స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పుకుంటూ, ఎటో చూస్తూ మెల్లగా అన్నాడు.

"నేను అడిగి ఎనిమిదేళ్ళయింది. మీకు చెప్పలేదని తెలుసు. ఎప్పుడడిగినా ఒకటే మాట. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బుల్లికి తలుపు తీసేవాళ్ళుండాలండీ, అనేది. నేను కూడా ఇంక అడగడం మానేశాను. కళ్ళజోళ్ళు బిగించుకుంటూ ఉన్నాను."

"మరి ఇప్పుడు?"

"మొన్న చలికాలంలో ఒకరోజు ఆస్పత్రిలో పని ఎక్కువై బాగా ఆలస్యంగా వచ్చిందట. వచ్చేసరికి మీరే తాళం తీసుకుని, వండుకుని, తినేసి, దీపం ఆర్పి నిద్రపోయారట. నెల తిరిగి నేను రాగానే తనే చెప్పింది. మా బుల్లి ఒక్కతే అన్నం తిని పడుకుందండీ, ఇంక నేను రావచ్చు, అంది."

బుల్లికి ఆ రోజు గుర్తుంది. విపరీతంగా ఆకలేసింది. అక్క కోసం చూసి చూసి, విసుగొచ్చి తినేసింది. అంతకన్నా ఏమీ లేదు అందులో. ఆ సంగతి ఈయనకి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగా అక్క వచ్చేసింది. చేతిలో మూడు నీళ్ళ సీసాలున్నాయి.

"అయిందా నీ పని?"

"అయింది. అక్షరాలు మర్చిపోయాను, మళ్ళీ పెట్టాను."

"అంబులెన్సు?"

"వెళ్తుంది."

"వంగు" అంది అక్క.

బుల్లి వంగింది. అక్క ఆమె కళ్ళజోడు తీసి, తన చీర కొంగుతో రెండు అద్దాలూ ఊది ఊది తుడిచి, మళ్ళీ చెవుల మీద సర్ది పెట్టింది. పెట్టాక కూడా చేతులు వెంటనే తియ్యలేదు. ఆ వేళ్ళ కొసలు సూదిపోట్లతో గరుకుగా ఉన్నాయి. బుల్లి ఫోను మోగింది.

"ఎత్తు, ఎత్తు. అంబులెన్సేమో" అంది అక్క.

అంబులెన్సే. "మేడమ్, నా బండికే మొదట పంపారట. వచ్చేసింది. టీ తాగేలోపు దిగింది. వీధుల పేర్లు కూడా ఇదివరకటికన్నా పెద్దగా కనపడుతున్నాయి. పక్క బండివాడికి కూడా పంపమనండి" అన్నాడు డ్రైవరు. ఆ గొంతు పక్కనున్న ఇద్దరికీ వినపడింది. అక్క తనే ఆ పని చేసినంత గర్వంగా భర్త వంక చూసింది.

బస్సు వచ్చింది. ఆయన పెట్టెలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి పెట్టించాడు. అక్క మెట్టు ఎత్తుగా ఉందని గొణుక్కుంటూ రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఎక్కింది. ఆయన కూడా ఎక్కబోతుంటే బుల్లి పిలిచింది.

"బావగారూ."

ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి అలాగే ఆగిపోయాడు.

"అక్కని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. లేకపోతే కడుపులో తిప్పుతుంది. అడిగితే బానే ఉందంటుంది. నమ్మకండి."

"నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడాయన.

"ఎవరికీ చెప్పదు."

ఆయన తల ఊపాడు. మెట్టెక్కుతూ మళ్ళీ ఊపాడు. కిటికీలో అక్క ముఖం కనిపించింది. బుల్లి పిలిచిన పిలుపు విన్నదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. బస్సు వెనక్కి జరిగి, తిరిగి, గేటు దగ్గర మిగతా బస్సులతో కలిసిపోయింది. అక్క చెయ్యి ఊపలేదు. కిటికీ కడ్డీ మీద ఉంచి చూస్తూనే ఉంది.

బుల్లి ఇంటికి వెళ్ళి తనే తాళం తీసుకుంది. దీపం వేసింది. అక్క పడుకునే మంచం మీద దుప్పటి మడతలు ఇస్త్రీ చేసినట్టున్నాయి. పెద్ద గిన్నె ఉంచేసింది, బోర్లించి. ఆకలిగా ఉందని అప్పుడు తెలిసింది. వంటగిదిలో పై అరలో ఉన్న బియ్యం డబ్బా కోసం చెయ్యి చాచింది. ఎప్పట్లాగే సులువుగా అందింది. డబ్బాతో వెనక్కి తిరుగుతుంటే కాలి వేలికి ఏదో తగిలింది.

అరల కింద, ఎప్పుడూ ఉండేచోటే ఒక కురచ చెక్క పీట. పై అర అందుకోవడానికి అక్క ఒక్కతే ఎక్కేది దాన్ని. ఒక కాలు పొట్టిదై ఊగుతుంటే ఎవరో దానికి అట్టముక్క మడిచి పెట్టారు. పైన చెక్కంతా మసిబారి నల్లగా ఉంది, రెండు చిన్న పాదాలు ఆనేంత మేర తప్ప. అక్కడ మాత్రం అరిగి, నున్నగా, లేత రంగులో ఉంది.